షెల్బీ కోబ్రా రెప్లికాలు: ఒకే ఆకారం, ఇన్ని కంపెనీలు, ఇన్ని ధరలు ఎందుకు?

అమెరికాలో పాత కార్ల ప్రదర్శన ఎక్కడ జరిగినా అందులో ఒక్క షెల్బీ కోబ్రా అయినా కనబడకపోవడం అరుదు. ముదురు నీలం రంగు, ముందు నుంచి వెనక దాకా రెండు తెల్ల చారలు, తలుపుల కింద బయటికే ఉండే సైలెన్సర్ పైపులు. చూసినవాళ్లకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. 1960ల్లో తయారైన అసలు కోబ్రాలు మొత్తం కలిపి సుమారు వెయ్యి. అందరూ ఎక్కువగా అనుకరించే 427 ఎస్‌సీ (సెమీ కాంపిటీషన్, అంటే రేసు కారునే రోడ్డుకు సర్దినది) రకం అయితే 31 మాత్రమే. మరి రోడ్ల మీద తిరిగే ఇన్ని కార్లు ఎక్కడివి?

దాదాపు అన్నీ రెప్లికాలే, అంటే ఆ ఆకారాన్ని చూసి తర్వాత చేసిన నకళ్లే. వాటిని తయారు చేసే కంపెనీలు ఒకటీ రెండూ కాదు. మసాచుసెట్స్‌లో ఒకటి, కనెక్టికట్‌లో ఒకటి, యూటాలో ఒకటి, అలబామాలో ఒకటి, దక్షిణాఫ్రికాలో తయారై వచ్చేవి రెండు, బ్రిటన్‌లో మరికొన్ని. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకే కారు. ధర మాత్రం ఒక మామూలు కుటుంబ కారు ఖర్చు దగ్గర మొదలై ఇల్లు కొనేంత దాకా పోతుంది. "ఏ కంపెనీ మంచిది?" అని అడిగితే పదిమంది పది పేర్లు చెబుతారు, పదిమందీ నిజమే చెబుతారు. ఎందుకంటే ఆ కంపెనీలు అమ్ముతున్నది ఒకే వస్తువు కాదు. ఒక్కో కంపెనీ పని ఒక్కో చోట ఆపేస్తుంది. మిగిలిన పని ఎవరి నెత్తిన పడుతుంది, చివరికి చేతికొచ్చే కాగితం మీద ఏం రాసి ఉంటుంది అన్న రెండు విషయాల్లోనే అసలు తేడా అంతా ఉంది.

అసలు కారు ఎలా పుట్టింది

కారల్ షెల్బీ టెక్సాస్ మనిషి. 1959లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు. గుండె జబ్బు వల్ల డ్రైవింగ్ మానేసి కార్ల తయారీ వైపు తిరిగాడు. అదే సమయంలో ఇంగ్లండ్‌లోని థేమ్స్ డిటన్‌లో ఏసీ కార్స్ అనే చిన్న కంపెనీకి ఒక చిక్కొచ్చింది. వాళ్ల ఏస్ అనే తేలికపాటి స్పోర్ట్స్ కారుకు వాడే బ్రిస్టల్ ఇంజిన్ తయారీ ఆగిపోయింది. షెల్బీ ఆ కారులో ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పెడదామన్నాడు. 1962లో కోబ్రా అలా పుట్టింది. మొదట 260 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, తర్వాత 289. లీటర్లలో చెప్పాలంటే 4.3, 4.7. 1965లో ఛాసిస్‌ను మళ్లీ డిజైన్ చేసి, ఆకు స్ప్రింగుల బదులు కాయిల్ స్ప్రింగులు పెట్టి, 7 లీటర్ల 427 ఇంజిన్ దించారు. చక్రాల మీద ఉబ్బిన రెక్కలతో మనందరికీ తెలిసిన రూపం అప్పుడు వచ్చిందే.

ఎస్‌సీ కథ ఇంకా విచిత్రం. రేసు కారుగా గుర్తింపు రావాలంటే వంద కార్లు తయారు కావాలని అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య నిబంధన. తనిఖీకి వచ్చేనాటికి యాభై పైచిలుకు మాత్రమే తయారయ్యాయి. గుర్తింపు దక్కలేదు. అమ్ముడుపోకుండా మిగిలిన రేసు కార్లకు అద్దం వగైరా తగిలించి రోడ్డు కార్లుగా అమ్మేశారు. అంటే అప్పట్లో మిగిలిపోయిన సరుకే ఇప్పుడు అందరూ కోరుకునే రూపం. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఖరీదైన 427 ఇంజిన్ బదులు చవకైన 428 పెట్టిన అసలు కార్లు కూడా కొన్ని ఉన్నాయి. "అసలుది అచ్చంగా ఇలాగే ఉంటుంది" అని ఎవరైనా గట్టిగా వాదిస్తే ఈ సంగతి గుర్తు చేయొచ్చు.

మొట్టమొదటి కోబ్రా, సీఎస్‌ఎక్స్2000 అనే నంబరు కారు, 2016లో వేలంలో 1.375 కోట్ల డాలర్లకు పోయింది. రెప్లికా మార్కెట్ ఎందుకు ఉందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

కిట్, రోలర్, టర్న్‌కీ, కంటిన్యుయేషన్: ఈ మాటలకు అర్థం ఏమిటి

కిట్ అంటే పెట్టెల్లో వచ్చే కారు. ఫ్రేమ్, బాడీ, మిగతా భాగాలు విడివిడిగా వస్తాయి. కొన్నవాళ్లే, లేదా వాళ్లు డబ్బిచ్చి పెట్టుకున్న మెకానిక్, బిగించుకోవాలి. కొన్ని కిట్లకు డోనర్ కారు కావాలి. అంటే ఒక పాత ఫోర్డ్ మస్టాంగ్ కొని, విప్పి, దాని ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్, బ్రేకులు ఇందులోకి మార్చుకోవడం.

రోలర్ అంటే ఫ్యాక్టరీలోనే బిగించి, రంగు వేసి, సీట్లు కుట్టి, వైరింగ్ కూడా పూర్తి చేసిన కారు. తోస్తే దొర్లుతుంది, అందుకే ఆ పేరు. ఇంజిన్, గేర్‌బాక్స్ మాత్రం ఉండవు. అవి తర్వాత డీలరో మరో వర్క్‌షాపో పెడతారు.

టర్న్‌కీ అంటే తాళం తిప్పి నడుపుకోవడమే.

కంటిన్యుయేషన్ అనేది వేరే జాతి. అసలు పేరు మీద హక్కులున్న కంపెనీయే మళ్లీ కొత్తగా తయారు చేసి, పాత వరసను కొనసాగిస్తూ నంబర్లు ఇవ్వడం. షెల్బీ అమెరికన్ కంపెనీ సీఎస్‌ఎక్స్4000 వరసలో చేసినవి ఇవే. ఇవి 1965 నాటి కార్లు కావు, అలాగని మామూలు రెప్లికాలూ కావు. వీటిని ఏమని పిలవాలన్న గొడవ అభిమానుల మధ్య ఇంకా తేలలేదు, తేలేలా కూడా లేదు.

ఏ కంపెనీ పని ఎక్కడ ఆపుతుంది

ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ 1995లో మొదలైంది. మసాచుసెట్స్‌లోని వేర్‌హమ్ దీని ఊరు. కిట్ల రంగంలో బాగా వినిపించే పేరు. వాళ్ల కంప్లీట్ కిట్ అనే మాట చాలామందిని తికమకపెడుతుంది. అందులో ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్, చక్రాలు, టైర్లు, పెయింట్ ఉండవు. మిగతావన్నీ కొత్తవే ఇస్తారు, డోనర్ కారు అక్కర్లేదు అన్నంత వరకే అది కంప్లీట్. ఈ కంపెనీ అసలు బలం ఫ్రేమ్‌లో కంటే పుస్తకంలో ఉందని నాకనిపిస్తుంది. బిగించే పద్ధతి అడుగడుగునా వివరించిన మాన్యువల్, ఇదివరకే కట్టుకున్న వేలమంది అనుభవం తోడుండటం వల్ల ఎప్పుడూ స్పానర్ పట్టని మనిషి కూడా ధైర్యం చేస్తున్నాడు.

సూపర్‌ఫార్మెన్స్ రోలర్లు అమ్ముతుంది. కార్లు దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో, ఇప్పటి పేరు గ్కెబెర్హా, తయారవుతాయి. ఎక్కడో ఆఫ్రికా చివర ఎందుకంటే ఆ ప్రాంతంలో ఫోక్స్‌వ్యాగన్, ఫోర్డ్ ప్లాంట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కార్ల పని తెలిసిన చేతులకు కొదవ లేదు, కూలి అమెరికాలో కంటే తక్కువ. బ్యాక్‌డ్రాఫ్ట్ కూడా దక్షిణాఫ్రికా తయారీయే. అసలు కారుతో అచ్చంగా పోలడం కంటే నడపడానికి సుఖంగా ఉండటమే వాళ్ల లెక్క. సస్పెన్షన్‌లో బీఎండబ్ల్యూ భాగాలు వాడి పేరు తెచ్చుకున్నారు.

కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్‌లో ఉన్న ఈఆర్ఏ చిన్న కంపెనీ. బాడీ ఫైబర్‌గ్లాసే, కానీ చూపుకు అసలుకు ఎంత దగ్గరగా ఉందన్న విషయంలో పట్టుదల ఎక్కువ.

కర్క్‌హమ్ దారి పూర్తిగా వేరు. యూటాలోని ప్రోవో వాళ్లది. కార్ల బాడీలు మాత్రం పోలండ్‌లోని మియెలెత్స్‌లో, ఒకప్పుడు మిగ్ యుద్ధ విమానాలు తయారైన ఫ్యాక్టరీలో రూపుదిద్దుకున్నాయి. సోవియట్ కూటమి కూలాక ఆర్డర్లు పోయాయి. అల్యూమినియం రేకును చేత్తో వంచగల పనివాళ్లు ఖాళీగా ఉన్నారు. 1960ల్లో ఇంగ్లండ్‌లో కోబ్రా బాడీలు చేసింది కూడా ఇదే నైపుణ్యంతో. కర్క్‌హమ్ భాగాలను అసలు కార్లకు కూడా తగిలించుకోవచ్చన్నంత పేరు వచ్చింది. షెల్బీ కంటిన్యుయేషన్ కార్లకు కూడా కర్క్‌హమ్ నుంచి అల్యూమినియం బాడీలు వెళ్లాయి. అంటే "అనుకరించేవాడి" సరుకే "అసలువాడి" నంబరు వేసుకుని బయటికొచ్చింది. ఎవరు అసలు, ఎవరు నకలు అన్న గీత ఇక్కడే చెరిగిపోతుంది.

ఒక లెక్క: తక్కువ ధర నిజంగా తక్కువేనా

కింద ఇచ్చిన అంకెలు ఏ కంపెనీ ధరల పట్టికా కాదు, లెక్క తెలియడానికి అనుకున్నవి.

ఒకరు 25 వేల డాలర్ల కిట్ కొన్నారనుకుందాం. ఇంజిన్, గేర్‌బాక్స్‌కు 20 వేలు. యాక్సిల్, చక్రాలు, టైర్లకు 7 వేలు. బాడీ సాపు చేసి రంగు వేయించడానికి 12 వేలు. రవాణా, పన్ను, చిల్లర మల్లర భాగాలు 6 వేలు. మొత్తం 70 వేలు. 25 అని మొదలుపెట్టినది దాదాపు మూడింతలు.

మరొకరు 90 వేల రోలర్ కొని, 40 వేలతో ఇంజిన్ పెట్టించుకున్నారు. మొత్తం 130 వేలు. తేడా 60 వేలు. మొదటి మనిషి కారు కట్టడానికి 400 గంటలు పెట్టారనుకుంటే గంటకు 150 డాలర్లు మిగిల్చుకున్నట్టు. చాలా ఉద్యోగాల్లో ఇంత రాదు.

కానీ ఈ లెక్కలో రెండు లొసుగులున్నాయి. అమ్మేటప్పుడు రోలర్‌కు కంపెనీ పేరే హామీ కాబట్టి దాని ధర అంత పడిపోదు. కిట్ కారు విలువ కట్టినవాడి చేతి మీద ఆధారపడుతుంది. రెండోది, పెయింట్. ఫైబర్‌గ్లాస్ బాడీ అచ్చులోంచి వచ్చేటప్పుడు అచ్చు ముక్కలు కలిసిన చోట గీతలు ఉంటాయి. వాటిని సానపట్టాలి, తలుపులు, బానెట్ సందులు సమంగా వచ్చేలా సర్దాలి. ఈ పనికి పట్టే సమయాన్ని కొత్తగా కట్టేవాళ్లు దాదాపు ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తారు. ఇంజిన్ పెట్టేసి, రంగు లేకుండా ఏళ్ల తరబడి గ్యారేజీలో నిలబడిపోయే కార్లు అందుకే అంత కనబడతాయి.

కట్టడమే సరదా అనుకునేవాళ్లకు ఆ 400 గంటలు ఖర్చు కాదు, డబ్బిచ్చి కొనుక్కున్న కాలక్షేపం. వాళ్లకు రోలర్ ఇస్తే పెళ్లి భోజనం పార్సిల్ తెచ్చిచ్చినట్టే ఉంటుంది.

"అసలుకు దగ్గర" అంటే దేనికి దగ్గర

ఇక్కడ మూడు రకాల వాదనలు వినిపిస్తాయి. మూడూ సబబైనవే.

ఒక పక్షానికి చూపే ముఖ్యం. రెక్క ఎంత ఉబ్బాలి, మీటర్లు ఏ వరసలో ఉండాలి, ముందు చక్రాల మధ్య నుంచి వెనక చక్రాల మధ్య దాకా సరిగ్గా 90 అంగుళాలు ఉందా అన్నవి వాళ్ల కొలతలు.

రెండో పక్షం పదార్థం గురించి మాట్లాడుతుంది. 1965లో అల్యూమినియం కాబట్టి ఇప్పుడూ అల్యూమినియమే. గొడుగు కొన తగిలినా సొట్ట పడుతుందన్నది వాళ్లకు ఫిర్యాదు కాదు. ఫైబర్‌గ్లాస్ సొట్ట పడదు, కానీ గట్టిగా తగిలితే పగులుతుంది. బయట రంగు వేశాక రెంటినీ కంటితో తేడా పట్టడం మామూలు మనిషి వల్ల కాదు.

మూడో పక్షానికి నడకే ముఖ్యం. ఇక్కడ ఒక తమాషా ఉంది. అసలు కోబ్రాకు వెనక చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉండేది. మస్టాంగ్ డోనర్ మీద కట్టిన చవక కిట్లకు రెండు చక్రాలనూ కలిపే ఒకే కడ్డీ లాంటి యాక్సిల్ వస్తుంది. గతుకుల మలుపులో ఒక చక్రం ఎగిరితే రెండోదాని మీదా ఆ ప్రభావం పడుతుంది. అదనంగా డబ్బు పెడితే ఇండిపెండెంట్ రకం ఇస్తారు. అంటే ఈ ఒక్క విషయంలో ఎక్కువ ఖర్చు పెట్టిన మనిషి ఆధునికతకూ దగ్గరవుతాడు, 1965కూ దగ్గరవుతాడు.

ఇంజిన్ దగ్గర మరో చిక్కు. నిజమైన 427 అంటే ఫోర్డ్ ఎఫ్ఈ కుటుంబానికి చెందిన పెద్ద, బరువైన ఇంజిన్. రెప్లికాల్లో ఎక్కువగా కనబడేది చిన్న 351 విండ్సర్. దాని స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) పెంచి 427 క్యూబిక్ అంగుళాలకు సాగదీస్తారు. పక్కన "427" బిళ్ల అబద్ధం కాదు, కానీ అది ఆ 427 కాదు. తేలిక కాబట్టి మలుపుల్లో ఇదే మేలనేవాళ్లూ ఉన్నారు. ఇంకొందరు ఇప్పటి మస్టాంగ్‌లోని 5 లీటర్ల కొయోటీ ఇంజిన్ పెడతారు. అది చలిలోనూ ఒక్క మీటకే స్టార్ట్ అవుతుంది. పాతకాలం వాళ్లు మూతి ముడుస్తారు.

ఏ కంపెనీదైనా మారనివి కొన్ని ఉన్నాయి. చాలావాటిలో ఎయిర్‌బ్యాగులు ఉండవు. కారు టన్ను బరువుకు అటూ ఇటూగా ఉంటుంది, శక్తి మాత్రం విపరీతం. దిగేటప్పుడు పిక్క పక్క పైపుకు తగిలితే కాలుతుంది. యజమానులు దాన్ని పాము కాటు అంటారు.

పేరు ఎవరిది, ఆకారం ఎవరిది

ఫ్యాక్టరీ ఫైవ్ తన కారును ఎక్కడా కోబ్రా అనదు, రోడ్‌స్టర్ అంటుంది. కారణం ట్రేడ్‌మార్కు. షెల్బీ పేరు ఆయన లైసెన్సింగ్ సంస్థ చేతిలో ఉంది. అనుమతి లేకుండా వాడితే కోర్టు కేసే.

పేరు సంగతి తేలిక. ఆకారం సంగతే కష్టం. సూపర్‌ఫార్మెన్స్ మీద షెల్బీ మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. ఆకారం మీద హక్కు నిలవాలంటే, దాన్ని చూడగానే జనానికి ఒకే తయారీదారు గుర్తుకు రావాలి. అది నిరూపణ కాలేదని కోర్టు చెప్పింది. అప్పటికే ఎన్నో కంపెనీలు ఏళ్లుగా అదే ఆకారం చేస్తున్నాయి మరి. తర్వాత ఇద్దరూ రాజీపడ్డారు, సూపర్‌ఫార్మెన్స్ లైసెన్సు తీసుకుంది. ఇలాంటిదాన్నే లైసెన్స్‌డ్ రెప్లికా అంటారు. దాని అర్థం పేరు వాడుకునే అనుమతి ఉందని. కారు నాణ్యతకు అది సర్టిఫికెట్ కాదు.

ఇదే సూత్రం వేరే కారు విషయంలో ఉల్టా తిరిగింది. మహీంద్రా రాక్సర్ గుర్తుందా? పాత విల్లీస్ జీపు పోలికతో అమెరికాలో అమ్మిన బండి. ఫియట్ క్రైస్లర్ ఫిర్యాదు మీద 2020లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ అది జీపు ఆకారాన్ని అనుకరిస్తోందని తేల్చింది. మహీంద్రా ముందు భాగం డిజైన్ మార్చాల్సి వచ్చింది. జీపు ఆకారం వెనక ఒకే బ్రాండు జనం మనసులో నిలిచి ఉంది. కోబ్రా ఆకారాన్ని మాత్రం రెప్లికాలవాళ్లే ఊరందరి సొత్తు చేసేశారు.

కాగితం మీద ఏం రాసి ఉంది

రోలర్‌కు ఇంజిన్ లేకుండా ఎందుకు అమ్ముతారని చాలామంది అడుగుతారు. కారణం చట్టం. పూర్తి కారు అమ్మితే అది కొత్త మోటారు వాహనం. ఎయిర్‌బ్యాగులు, క్రాష్ పరీక్షలు, అన్నీ వర్తిస్తాయి. చిన్న కంపెనీకి అది తలకు మించిన భారం. ఇంజిన్ లేని సరుకు అమ్మితే భాగాలు అమ్మినట్టే. కారుగా మార్చింది వేరేవాళ్లు.

2015లో అమెరికా కాంగ్రెస్ ఒక వెసులుబాటు ఇచ్చింది. కనీసం 25 ఏళ్ల కిందటి కారును పోలిన రెప్లికాలను చిన్న తయారీదారులు ఏడాదికి 325 దాకా పూర్తిగా తయారు చేసి అమ్మొచ్చు. క్రాష్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది, కాలుష్య నిబంధనల నుంచి లేదు. దీన్ని అమలు చేసే నియమాలు 2022లో గానీ అమల్లోకి రాలేదు.

రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు కట్టిన సంవత్సరం రాస్తాయి, కొన్ని అది పోలిన అసలు కారు సంవత్సరం రాస్తాయి. కాలిఫోర్నియాలో ఇలాంటి సొంతంగా కట్టిన బండ్లకు ఏడాదికి 500 ప్రత్యేక సర్టిఫికెట్లు ఇస్తారు. అది ఉంటే పొగ పరీక్షను పోలిన కారు కాలానికి తగ్గట్టు చూస్తారు. అందుకే జనవరి మొదటి పని రోజున అక్కడి ఆఫీసుల ముందు హడావిడి. కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్లెవరైనా పక్క రాష్ట్రం నుంచి కట్టిన కారు కొనాలనుకుంటే, కంపెనీ పేరు కంటే ముందు తేలాల్సింది ఇదే.

కాగితానికి ఎంత విలువ ఉందో షెల్బీ స్వయంగా చూపించాడు. 1965లో మిగిలిపోయిన ఛాసిస్‌లంటూ 43 కార్లకు కాలిఫోర్నియాలో డూప్లికేట్ టైటిళ్లు (యాజమాన్య పత్రాలు) తెచ్చుకున్నాడు. 1993లో లాస్ ఏంజిలెస్ టైమ్స్ ఆ సంగతి బయటపెట్టింది. వాటిలో చాలావరకు 1990ల్లో కొత్తగా చేయించినవేనని తర్వాత ఒప్పుకున్నాడు. అసలు కారు సృష్టికర్తే తన కారుకు పాత తేదీ కోసం తాపత్రయపడ్డాడంటే ఆ తేదీ ఖరీదు ఎంతో ఊహించుకోవచ్చు.

మన దేశంలో పరిస్థితి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. స్టీరింగ్ ఎడమవైపు ఉన్న బండిని నిర్దేశించిన సిగ్నల్ పరికరం లేకుండా నడపకూడదని 120వ సెక్షన్. కొత్త మోడల్ రోడ్డెక్కాలంటే పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష నెగ్గాలి. ఒక్క కారు కోసం ఇవన్నీ ఎవరు చేయిస్తారు? కాబట్టి గ్యారేజీలో కట్టిన కోబ్రాకు హైదరాబాద్‌లో నంబరు ప్లేటు తెచ్చుకోవడం దాదాపు జరగని పని.

ఒక ప్రకటన చదువుదాం

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఇలాంటి ప్రకటన మామూలే: "1965 షెల్బీ కోబ్రా 427 ఎస్‌సీ. 3,200 మైళ్లు. క్లీన్ టైటిల్. ధర 58 వేల డాలర్లు."

ధర చూడగానే అసలు కాదని తెలుస్తుంది, కాబట్టి అమ్మేవాడు మోసం చేస్తున్నాడని అనుకోనక్కర్లేదు. 1965 అనేది బహుశా టైటిల్ మీద రాష్ట్రం రాసిన పోలిన సంవత్సరం. షెల్బీ అన్నది అలవాటు మాట. షెల్బీ కంటిన్యుయేషన్ అయితే సీఎస్‌ఎక్స్ నంబరు ముందే చెప్పేవాడు, ధరా ఇంత తక్కువ ఉండదు. 427 అంటే ఇంజిన్ సైజో, బాడీ రకమో, పక్కన అతికించిన బిళ్లో, ఏదైనా కావచ్చు. 3,200 మైళ్లు కట్టిన తర్వాత నడిచినవి. లోపలున్న ఇంజిన్ అంతకుముందు మస్టాంగ్‌లో లక్ష మైళ్లు తిరిగి ఉండొచ్చు. క్లీన్ టైటిల్ అంటే పెద్ద యాక్సిడెంట్‌లో బీమా కంపెనీ చేతులెత్తేసిన బండి కాదని మాత్రమే. ఎవరు కట్టారో, ఎలా కట్టారో అది చెప్పదు.

కంపెనీ పేరు ఈ ప్రకటనలో లేనే లేదు. ఫోన్ చేసి అడిగితే ఫ్రేమ్ మీద ఉన్న ప్లేటు నంబరు చెప్పాలి. దాంతో కిట్ ఏ కంపెనీదో, ఏ ఏడాది బయటికెళ్లిందో ఆ కంపెనీవాళ్లే చెబుతారు. కట్టినవాడి దగ్గర ఫోటోలు, బిల్లులు, ఇంజిన్ ఎక్కడ తయారైందో చెప్పే కాగితం ఉంటే ఒక ధర. ఇవేవీ లేకుండా మూడు చేతులు మారి వచ్చిన కారైతే, అదే కంపెనీ కిట్ అయినా, వేరే ధర.